బెంచీ దాకా నోరెత్తొద్దు

ఆ ఐదంతస్తుల పాత భవనంలో అతన్ని అందరూ బ్రేకు అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని వాడేది బ్యాంకువాళ్ళు మాత్రమే. లిఫ్టులు బాగుచేయడం అతని పని. ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు. ఒక ముసలి మెకానిక్ వెనకాల పనిముట్ల సంచి మోస్తూ, తిట్లు తింటూ, గోళ్ళ సందుల్లో గ్రీజు గడ్డకట్టుకుపోయేదాకా నేర్చుకున్నాడు. ఎవరైనా మోటారు గొప్పతనం గురించి మాట్లాడితే చాలు, "లాగడం ఏ మోటారైనా లాగుతుంది. ఆగాల్సిన చోట ఆపేది బ్రేకు. ముందు దాని సంగతి అడగండి" అనేవాడు. అలా ఆ పేరు అతుక్కుపోయింది. ఇంకో కారణం కూడా ఉంది. పక్కవాడు ఊపు మీద ఏదైనా చెబుతుంటే సరిగ్గా మధ్యలో ఆపడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

మేడ మీద మోటారు గది అతని రాజ్యం. నలుగురు నిలబడితే ఊపిరాడని గది. పొద్దున్నే వెళ్ళి, కరెంటు ఆపి, పాత బనియను గుడ్డ ఒకటి చేత్తో పట్టుకుని ఉక్కు తాడు పొడవునా మెల్లగా నిమిరేవాడు. తాడులో ఒక్క తీగ తెగినా గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. పట్టుకుంటే ఆ రోజు లిఫ్టు నడవదు. పై అంతస్తు వకీలు వచ్చి అరిచినా, కింద అంతస్తు డాక్టరు బతిమాలినా నడవదు. "ఒక్క తీగే కదా" అని ఎవరైనా అంటే, "మీ ఒంట్లో కూడా ప్రాణం ఒక్కటేగా" అని తలుపు వేసుకునేవాడు. ఇలాంటి మనిషికి స్నేహితులు ఉండటమే వింత. ఇద్దరున్నారు.

ఒకడు కింద సెలూను నడిపే బావ. స్వయానా బ్రేకు పెళ్ళానికి అన్న. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, అది మాత్రం తిట్టుకునేటప్పుడు కూడా మారదు. చెయ్యి మంచి పనివాడిది, ఆ మాట బ్రేకు కూడా ఒప్పుకునేవాడు. నోరు మాత్రం కత్తెర కంటే వేగం. రెండోది మొదటి అంతస్తులో కళ్ళద్దాల షాపు అక్క. వయసులో ఇద్దరికంటే పెద్దది. ఆవిడ మనుషుల్ని ముక్కు మీదికి జారిన అద్దాల పైనుంచి చూస్తుంది. ఎవరు ఎదురొచ్చినా, "నీకు పవరు మారిందిరా" అంటుంది.

వారానికో సాయంత్రం ముగ్గురూ కలిసి బయటికి వెళ్ళేవారు. ఒక వారం సినిమా, ఒక వారం పాటల కచేరీ, ఒక వారం ఏదైనా కొత్త రెస్టారెంటు. ఎక్కడికి వెళ్ళాలో ఒక్కొక్కరి వంతు. ఒకరు చెప్పిన చోటికి మిగతా ఇద్దరూ మూలుగుతూ వెళ్ళాల్సిందే.

మొదట్లో ఇందులో రూలూ లేదు, గీలూ లేదు. ఒకసారి ఒక హత్య సినిమాకి వెళ్ళారు. ఇంటర్వెల్లో బావ తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని, "డాక్టరే చంపాడు, రాసి పెట్టుకో" అన్నాడు. నిజంగా డాక్టరే చంపాడు. బ్రేకు ఆ రెండో సగం సినిమా మొత్తం తెర వైపు కాకుండా బావ మెడ వైపు చూస్తూ కూర్చున్నాడు. బయటికి రాగానే రూలు పెట్టాడు.

"గుమ్మం లోపల అడుగు పెట్టిన దగ్గర్నుంచి, మళ్ళీ మన బస్టాపు బెంచీ మీద కూర్చునేదాకా ఎవరూ నోరెత్తొద్దు. బాగుందనొద్దు, బాగాలేదనొద్దు. మొహం కూడా అదోలా పెట్టొద్దు. వీటిలో ఏది చేసినా మీ తర్వాతి వంతు పోతుంది."

"మరి బెంచీ మీద?" అంది అక్క.

"బెంచీ మీద ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కడ మొహమాటం పనికిరాదు."

"రెస్టారెంటులో కూడా నోరు మూసుకోవాలా? తినడానికైనా తెరవొచ్చా?" అన్నాడు బావ.

"తినడానికి తెరువు. ఉప్పు అందుకోమను. అంతకు మించి వద్దు."

రూలు నిలబడింది. విచిత్రం ఏమిటంటే బాగా పనిచేసింది కూడా. సినిమా అంతా బిగబట్టుకున్న మాటలు బెంచీ మీద ఒక్కసారిగా బద్దలయ్యేవి. బావకి హీరో ఏడిస్తే నచ్చేది, అక్కకి హీరో ఏడిస్తే ఒళ్ళు మండేది, బ్రేకుకి హీరో ఉండటమే నచ్చేది కాదు. బస్సులు వచ్చేవి, పోయేవి. వీళ్ళు ఎక్కేవారు కాదు. పక్కన నిలబడ్డవాళ్ళు నిజంగానే కొట్టుకుంటున్నారేమో అని దూరం జరిగేవారు.

ఆ కొట్లాటల్లో బ్రేకు నోటి నుంచి మంచి మాట రావడం అపురూపం. చాలా బాగున్నదానికి "పరవాలేదు" అనేవాడు. మిగతావాటికి ఇంకా తక్కువ. బావ పైకి ఎంత తిట్టినా, ఆ "పరవాలేదు" కోసమే కాచుకుని ఉండేవాడు. తను ఎంచిన సినిమాకి అది దక్కిన రోజు సెలూనులో వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

అందుకే బావ కూతురు మొదటిసారి వేదిక ఎక్కి రెండు పాటలు పాడబోతోందని తెలిసినప్పుడు, బావ తన వంతుని దానికోసం దాచుకున్నాడు. ఊరికే పిలిస్తే బ్రేకు రాడని కాదు, మేనకోడలి పాటకి వస్తాడు. కానీ వంతు మీద వస్తే బెంచీ మీద కూర్చోవాలి, ఉన్నదున్నట్టు చెప్పాలి. బావకి కావలసింది అదీ. అమ్మాయి గొంతు విని బ్రేకు పరవాలేదనాలి. ఆ మాట ఊళ్ళో ఎవరన్నా లెక్కలేదు, వీడు అనాలి.

దానికి ముందు వారం బ్రేకు వంతు. అక్కడే తేడా కొట్టింది.

చెరువు గట్టు రోడ్డులో రెండంతస్తుల రెస్టారెంటు ఒకటి ఉంది. కింద వంటిల్లు, పైన బల్లలు. వంటింట్లోంచి పళ్ళేలు పైకి వెళ్ళడానికి గోడలో ఒక బుల్లి లిఫ్టు. అది మొరాయిస్తే బాగుచేయడానికి బ్రేకుని పిలిచారు. అతను చూసింది ఆ బుల్లి లిఫ్టునే. తాడు తిరిగే కప్పీలు అద్దంలా ఉన్నాయి. తాడుకి పూసిన గ్రీజు కొత్తది. చిన్న మోటారు మీద కూడా ధూళి లేదు. పళ్ళేలు మోసే యంత్రాన్ని ఇంత శ్రద్ధగా చూసుకునేవాడు, పళ్ళెంలో వడ్డించేది ఇంకెంత శ్రద్ధగా చూసుకుంటాడో అనుకున్నాడు. ఆ వారం తన వంతుకి అక్కడే అన్నాడు.

"వంటవాడెవడో తెలుసా?" అంది అక్క.

"తెలీదు."

"ఎప్పుడైనా తిన్నావా?"

"లేదు. కప్పీలు చూశాను."

అక్క అద్దాల పైనుంచి బావని చూసింది. బావ నుదురు కొట్టుకున్నాడు. "మనవాడు రేపు ఎవరికైనా పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళ్ళినా వాళ్ళింటి బావి గిలక చూసి సంబంధం ఖాయం చేసొస్తాడు అక్కా."

వెళ్ళారు. కిటికీ పక్క బల్ల. చేప తెమ్మన్నారు. బుల్లి లిఫ్టు చప్పుడు లేకుండా పైకి వచ్చి నిలబడింది. బ్రేకు దాన్ని గర్వంగా చూశాడు. పళ్ళెం బల్ల మీద పెట్టగానే వాసన వచ్చింది.

మసాలా వాసన కాదు. దాని కింద నుంచి ఇంకో వాసన, మూత తీసిన డ్రైనేజీ పక్కనుంచి నడిచినప్పుడు వచ్చేలాంటిది. అక్క ముక్కు కొంచెం కదిలి మళ్ళీ సర్దుకుంది. మొహం పెట్టొద్దని రూలు. బావ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నోరెత్తితే వంతు పోతుంది, వంతు పోతే అమ్మాయి పాట మీద బ్రేకు తీర్పు పోతుంది. మింగాడు. బ్రేకుకి మొదటి ముద్దకే తెలిసిపోయింది. కానీ ఇది తను ఎంచిన చోటు, తను పెట్టిన రూలు. వాళ్ళిద్దరూ తింటున్నారు కదా, తన నాలుకదే తేడా అయ్యుంటుందనుకున్నాడు. అక్క కూడా సరిగ్గా అదే అనుకుంది.

"ఉప్పు అందుకో" అన్నాడు బావ. గొంతు కీచుమంది.

"ఇదిగో" అంది అక్క.

ముగ్గురూ పళ్ళెం ఖాళీ చేశారు. చేతులు కడుక్కున్నారు. ఒక్క మాట లేకుండా వీధి దాటి, మలుపు తిరిగి, బస్టాపు చేరి, బెంచీ మీద వరసగా కూర్చున్నారు.

"చేప కుళ్ళింది" అంది అక్క.

"నాకూ వాసన వచ్చింది" అన్నాడు బావ.

"నాకు మొదటి ముద్దకే తెలిసింది" అన్నాడు బ్రేకు.

బావ లేచి నిలబడ్డాడు.

"తెలిసీ తిననిచ్చావా? ఎదురుగా కూర్చుని చూస్తూ తిననిచ్చావా?"

"నువ్వు మాత్రం చెప్పావా?"

"నీ దిక్కుమాలిన రూలు కోసం నోరు మూసుకున్నా! విషం పెట్టినా ఉప్పు అందుకోమనే అనాలా నీ రాజ్యంలో?"

"ఎవరికి వాళ్ళకి బుద్ధుండక్కర్లేదా? అక్కకీ తెలిసింది."

"నన్ను మధ్యలోకి లాగకు తమ్ముడూ" అంది అక్క, పొట్ట పట్టుకుని. "నాకప్పుడే తిప్పుతోంది."

ఆ రాత్రి అక్క నాలుగు వాంతులతో బయటపడింది. బ్రేకుకి రెండు రోజులు నీళ్ళ విరేచనాలు. బావకి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. చేతికి సెలైను, మొహం పీక్కుపోయి, గడ్డం మాసిపోయి, తన సెలూనుకి తనే గిరాకీలా ఉన్నాడు. బ్రేకు చూడ్డానికి వెళితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కచేరీ నాడు కూడా డాక్టరు లేవనివ్వలేదు. కూతురు మొదటిసారి మైకు ముందు నిలబడే వేళకి, తండ్రి మంచం మీద సెలైను చుక్కలు చూస్తూ ఉన్నాడు. బావ పెళ్ళాం అతని పక్కనే ఉండిపోయింది. అమ్మాయి తరఫున హాలుకి వెళ్ళింది బ్రేకు, అతని పెళ్ళాం, అక్క. ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే తీసి పెట్టుకునే హాలది, రికార్డు చేసుకునే వీలు లేదు. ఏం జరిగిందో ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సింది మనిషి నోరే.

మొదటి పాట సాఫీగా వెళ్ళింది. రెండో పాట అమ్మాయి కాస్త పైస్థాయిలో ఎత్తుకుంది. చరణంలో గొంతు చీలింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మాయి చెయ్యెత్తి వాద్యాలవాళ్ళని ఆపేసింది. "మళ్ళీ మొదలెడదాం, కొంచెం కింద" అని మైకులోనే చెప్పి, మళ్ళీ మొదటినుంచి పాడింది. ఈసారి చివరిదాకా పాడింది.

ఇంటికొచ్చాక బ్రేకు పెళ్ళాం చెప్పులు విడవకుండానే మొదలెట్టింది.

"రేపో ఎల్లుండో అన్నయ్య ఇంటికొస్తాడు. వెళ్ళి కలువు. పిల్ల బాగా పాడిందని ఒక్క ముక్క చెప్పు."

"చివర్లో సర్దుకుంది. కానీ..."

"కానీ గీనీ వద్దు. ఆ చేప నువ్వు తినిపించిందే. నీ మూలంగానే కూతురి పాట వినలేకపోయాడు. మా అమ్మా నాన్న పోయాక నాకున్నది వాడొక్కడే. వాడితో తెగిందా, నాతో తెగినట్టే అనుకో."

"నేనేం తెంచానే?"

"నీకు తెంచినట్టు కూడా తెలీదు, అదీ నీ రోగం. బాగా పాడింది. అంతే. నీ సొమ్మేం పోదు."

బ్రేకు నిజంగానే అబద్ధం చెప్పడానికే వెళ్ళాడు. దారిలో రెండు మూడుసార్లు నోట్లో అనుకుని చూసుకున్నాడు కూడా. బాగా పాడింది బావా. బాగా పాడింది.

సెలూను తెరిచి ఉంది. బావ బెల్టుకి కొత్త కన్నం పడింది. బ్రేకుని చూడగానే మాట్లాడకుండా కుర్చీ చూపించాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టి, బ్రష్షుతో మొహమంతా నురగ పట్టించాడు. ఒక చెంప గీశాడు. చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా ఉంది, ఒక్క వెంట్రుక మిగల్లేదు. అద్దంలో బ్రేకుని చూస్తూ అన్నాడు.

"అక్క అంతా చెప్పింది. తేనె పోసినట్టు పాడిందట."

"ఊఁ."

"ఊఁ అంటే? నీ నోటితో విందామని ఆగాను. చెప్పు."

బ్రేకు నోరు తెరిచాడు. దారిలో వల్లెవేసుకున్న మాట నాలుక మీదికి తెచ్చుకున్నాడు. ఎదురుగా అద్దంలో ఈ మనిషి జబ్బు పడి లేచిన మొహం. ఇదే మనిషికి ఇన్నేళ్ళుగా ఒక్క చెత్త సినిమాని కూడా బాగుందని చెప్పలేదు. ఇప్పుడు కన్నకూతురి పాట మీద అబద్ధం చెబితే, ఇన్నాళ్ళు చెప్పినవన్నీ దేనికి?

"రెండో పాట చరణంలో గొంతు చీలింది" అన్నాడు.

కత్తి గాల్లో ఆగింది.

"చీలి..." అని తర్వాత సంగతి చెప్పబోయాడు. బావ రెండో చేతిలోని బ్రష్షు సూటిగా నోట్లోకి వచ్చింది. సబ్బు నురగ నాలుక మీద చేదుగా పాకింది.

"నువ్వు పెట్టిన కుళ్ళు చేప తిని నేను సెలైను ఎక్కించుకుంటుంటే, నువ్వు దర్జాగా కుర్చీలో కూర్చుని నా కూతురి గొంతులో చీలికలు వెతికావా?"

"పూర్తిగా విను బావా..."

"విన్నది చాలు. లే! లేచి పో!"

మెడ గుడ్డ లాగేశాడు. వంతు కోసం కూర్చున్న ఇద్దరు పేపరు దించి చూశారు. బ్రేకు ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో వీధిలోకి వచ్చాడు. మెట్ల దగ్గర వకీలు ఎదురై, "లిఫ్టు సగంలో ఆగిందా?" అని నవ్వాడు. బ్రేకు నవ్వలేదు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. గిన్నెలు మాట్లాడేవి. కంచం పెట్టిన చప్పుడుతో అన్నం, గ్లాసు పెట్టిన చప్పుడుతో నీళ్ళు. బ్రేకు పెళ్ళాం అన్న దగ్గరికి రెండుసార్లు వెళ్ళి ఏడ్చి వచ్చింది. వచ్చి పక్క గదిలో పడుకునేది.

ఆ తర్వాత మేనకోడలు వచ్చింది. బ్రేకు లిఫ్టులో నిలబడి మీటల పలక విప్పి వైర్లు చూసుకుంటున్నాడు. అమ్మాయి లోపలికి వచ్చి తలుపు మూసింది.

"పైకి వెళ్ళదు, పనిలో ఉంది" అన్నాడు.

"నాకు పైకి వెళ్ళక్కర్లేదు మామయ్యా. నీకెందుకు?"

"ఏంటి నాకెందుకు?"

"నాన్నకి నేను చెప్పుకుందామనుకున్నాను. కాస్త లేచి తిరిగాక, పక్కన కూర్చుని, గొంతు చీలిందనీ, ఆపేశాననీ, మళ్ళీ పాడాననీ. నేను చెప్పాల్సిన మాట అది. నువ్వెందుకు చెప్పావు? అదీ సగం."

"మిగతా సగం చెప్పనివ్వలేదు మీ నాన్న."

"పూర్తి చేసే వీలు లేనప్పుడు మొదలెట్టకూడదు."

బ్రేకు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో అతన్ని మధ్యలో ఆపినవాళ్ళు తక్కువ.

"నాన్నకి ఇప్పుడు నేనేం చెప్పినా వినడు. మామయ్య మాట నమ్మి నువ్వు కూడా వాడి పాటే పాడుతున్నావా అంటాడు" అని, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. కళ్ళలో నీళ్ళు లేవు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది బ్రేకుకి.

ఆ వారం అక్క షాపు ముందు కనిపించి, "ఈసారి మ్యాట్నీకి వెళ్తున్నాం. నీకు టికెట్టు తియ్యలేదు తమ్ముడూ, వాడు వద్దన్నాడు" అంది.

"తేనె పోసినట్టు పాడిందని నువ్వు చెప్పావట."

"చెప్పాను. జబ్బుమనిషికి అద్దాలు అమ్మేటప్పుడు కూడా, బాగున్నారండీ అంటాను నేను. నీలా మొహం మీద చెప్పను."

"అందుకే నీ అద్దాలు పెట్టుకున్నవాళ్ళు గుంటల్లో పడుతున్నారు."

"పో అవతలికి" అంది అక్క.

బ్రేకు తన టికెట్టు తనే కొనుక్కుని, సరిగ్గా వాళ్ళ వెనక వరసలో కూర్చున్నాడు. బావ వెనక్కి తిరిగి చూశాడు. చూసి, ముందుకి తిరిగి, సినిమా మొదలైన కాసేపటికే గొంతు పెంచాడు.

"హీరో నడక చూశావా అక్కా? మోకాళ్ళు తుప్పు పట్టినట్టు లేదూ?"

వెనకనుంచి చప్పుడు లేదు.

"ఈ పాట ఎవడు కట్టాడో, ఈడ్చి తన్నాలి. ఆ పిల్ల ఎందుకు పరిగెడుతోందో దర్శకుడికైనా తెలుసా?"

"ష్" అన్నాడు బ్రేకు.

"ఎవడ్రా అది ష్ అనేది?"

"నేనే."

"నువ్వా? నీ రూలు నీ దగ్గర పెట్టుకో. నేను బతికుండగా నాకిష్టమైనప్పుడు మాట్లాడతా. నోరు మూసుకుని ఒకసారి చచ్చినంత పని అయింది."

"నీ నోరు నీ ఇష్టం. నా చెవి నీ ఇష్టం కాదు."

"చెవా! చీలికలు వెతికే చెవి కదూ!"

"అవును, చీలింది! చీలిందంటే చీలింది!"

ముందు వరసవాళ్ళు వెనక్కి, వెనక వరసవాళ్ళు ముందుకి వంగారు. తెర మీద కంటే ఇక్కడే బాగుందని ఎవరో అన్నారు. బావ సీటు మీద మోకాలు పెట్టి బ్రేకు కాలరు పట్టుకున్నాడు. బ్రేకు బావ చొక్కా పట్టుకున్నాడు. టార్చిలైటు వాడు వచ్చి ఇద్దర్నీ లేపాడు.

"రా అక్కా, పోదాం" అన్నాడు బావ.

"నేనెందుకొస్తాను? నా పాటికి నేను సినిమా చూస్తున్నాను. మీరు పోయి బయట చావండి" అంది అక్క, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

బయట ఎండ మొహం మీద కొట్టింది. చీకట్లోంచి వచ్చినందుకు ఇద్దరికీ కళ్ళు తెరుచుకోలేదు. పెద్ద పోస్టరు కింద, మూసేసిన టికెట్ల కిటికీ పక్కన నిలబడ్డారు. ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. పోలేదు. బావ చొక్కా గుండీ ఒకటి తెగింది, దాన్ని కింద వెతుకుతున్నాడు.

"ఎక్కడ?" అన్నాడు బావ, వంగే ఉండి.

"ఏమో, లోపలే పడుంటుంది."

"గుండీ కాదు. ఎక్కడ చీలింది?"

బ్రేకు ఈసారి మొదలెడితే ఆగకుండా చివరిదాకా చెప్పాలనుకున్నాడు.

"నేను చెప్పేది అయ్యేదాకా మధ్యలో మాట్లాడతావా?"

"మాట్లాడను. చెప్పు."

"రెండో పాట. ఎత్తుకోవడమే పైన ఎత్తుకుంది. చరణంలో పైకి వెళ్ళేచోట చీలింది. ఎవడో నవ్వాడు. అమ్మాయి చెయ్యెత్తి అందర్నీ ఆపేసింది. అంతమంది ముందు, కొంచెం కిందికి దించి మళ్ళీ మొదలెడదాం అంది. మొదటినుంచి పాడింది. ఆ చీలిన చోటుకి వచ్చినప్పుడు నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దాటింది."

బావ నడుము ఎత్తాడు. "ఆపేసిందా? తనే?"

"తనే."

"నువ్వు అరిచావా ఆపమని?"

"నేనెందుకు అరుస్తాను? అంత ధైర్యం నాకు లేదు."

బావ మూతి బిగించాడు. "ఈ ముక్క ఆ రోజు చెప్పి ఏడవొచ్చుగా."

"బ్రష్షు నోట్లో పెట్టుకుని ఎలా చెప్పను?"

"మొదట ఈ ముక్కే చెప్పాలి! మొదట గొంతు చీలిందంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? మనిషివా నువ్వు?" బావ మళ్ళీ మీదికొచ్చాడు. "సరే. రెండోసారి ఎలా ఉంది?"

"నిలబడింది."

"నిలబడిందంటే?"

"అంటే నిలబడింది. బరువు మోసింది. తాడు తెగలేదు."

"నా కూతురేమన్నా లిఫ్టా?"

"నాకు తెలిసిన మాటల్లో అదే పెద్ద మాట బావా. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్."

బావ నమ్మాడో లేదో మొహంలో తెలీలేదు. అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"నేను నమ్మను. నా చెవులతో వింటే గానీ నమ్మను. వచ్చే నెల మళ్ళీ పాడుతుంది. ముందు వరసలో కూర్చుంటా."

"కూర్చో."

"నువ్వు నా పక్కన కూర్చోవాలి. నీ మొహం నాకు కనపడుతూ ఉండాలి. పిల్ల పాడేటప్పుడు ఒక్క వెంట్రుక తేడాగా కదిలిందో, అక్కడే పీక నొక్కేస్తా. మా చెల్లి విధవరాలైనా సరే."

బ్రేకు ఆలోచించాడు. "ఏ పక్కన?"

"ఏ పక్కనైతే ఏంటి?"

"నువ్వు నాకు కుడిపక్కన ఉంటే మేలు. ఎడమ చెవి నాకు సరిగ్గా వినపడదు. ఇన్నేళ్ళు మోటారు గదిలో ఉన్నానుగా."

బావ కదలకుండా నిలబడ్డాడు. ఎర్రబడటం మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది.

"చెవుడా?" అన్నాడు మెల్లగా. తర్వాత వీధి మొత్తం వినపడేలా అరిచాడు. "చెవుడు పెట్టుకుని నా కూతురి మీద తీర్పు చెప్పావా?"

"ఒక చెవే బావా! రెండోది పాము చెవి!"

"ఏ చెవితో విన్నావు? చెప్పు! చీలింది ఏ చెవిలో?"

రోడ్డు దాటబోయినవాళ్ళు ఆగారు. అవతలి కొట్టువాడు బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బ్రేకు కుడి చెవి పట్టుకుని చూపిస్తున్నాడు, బావ ఆ చెవి మెలిపెట్టడానికి మీదికి వస్తున్నాడు.